తుమ్మెదకు నేర్పిన బుద్ధి

టైలరమ్మకు ఇద్దరు పిల్లలు. వాళ్లను చూసి సలహా ఇవ్వకుండా పక్కనుంచి వెళ్లిపోయిన మనిషి ఆవిడకు ఇంతవరకు తగల్లేదు. కూరల కొట్టాయన తూకం వేస్తూ వేస్తూ ఇచ్చాడు. బస్టాపులో నిలబడ్డ ఒకావిడ, తన బస్సు వచ్చేసినా సరే, ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగి మరీ ఇచ్చింది. ఆడపడుచైతే ఫోన్లో తీరిగ్గా ఇచ్చేది. ఆవిడకు పిల్లల్లేరు కాబట్టి పిల్లల పెంపకం గురించి ఆలోచించుకోవడానికి బోలెడంత ఖాళీ.

పెద్దది ఆడపిల్ల. తొమ్మిదేళ్లొచ్చినా మాట రాలేదు. మాటకు బదులు గొంతులోంచి సన్నగా, ఆగకుండా ఒకటే నాదం తీసేది. అందుకే ఇంట్లో దాన్ని తుమ్మెద అనేవాళ్లు. దాని తరవాతివాడికి ఏడేళ్లు. కూర్చోమంటే నిలబడేవాడు, నిలబడమంటే బీరువా ఎక్కేవాడు, దిగమంటే దూకేవాడు. వాడు బొంగరం. డాక్టరమ్మ పిల్లకు ఆటిజం అనీ, పిల్లాడికి ఏడీహెచ్‌డీ అనీ చెప్పింది. లోకం మాత్రం అంత శ్రమ పడకుండా ఇద్దరికీ కలిపి ఒకటే జబ్బు తేల్చింది, తల్లి పెంపకం.

తుమ్మెద నాదం ఊరికే పుట్టింది కాదు. టైలరమ్మది మోటారు బిగించిన కుట్టుమిషను. దాని కిందే ఆ పిల్ల పాకింది, దాని పక్కనే నడక నేర్చింది. మిషను తిరుగుతున్నంతసేపు దాని బల్లకు చెంప ఆనించి, సరిగ్గా అదే శ్రుతిలో గొంతు కలిపేది. మిషను ఆగితే, మళ్లీ మొదలయ్యేదాకా ఆ ఖాళీని తనే నింపేది. ఆ నాదం వల్ల తల్లికి ఒక సుఖం ఉండేది. వీపు వెనక పిల్ల ఎక్కడుందో తల తిప్పకుండానే తెలిసేది. వంటగదిలో ఉందా, బాల్కనీలో ఉందా, మంచం కింద దూరిందా, అంతా చెవితోనే. కుట్టు మీద కళ్లు, పిల్ల మీద చెవులు. ఇన్నేళ్లూ ఆవిడ సంసారం అలాగే నడిచింది.

ఆ నాదమే కింద వాటా వాళ్లకు తలనొప్పి అయింది.

కింద వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. రిటైరైన హెడ్మిస్ట్రెస్. బడి వదిలినా ఆవిడను బడి వదల్లేదు. మెట్ల మీద ఎవరైనా గబగబా దిగితే "నడు, పరిగెత్తకు" అనేది, దిగేది అరవయ్యేళ్ల పోస్ట్‌మాన్ అయినా సరే. ఒకరోజు పైకి వచ్చి, కుర్చీ తుడిపించుకుని కూర్చుంది.

"అమ్మాయ్, నా సర్వీసులో ఎంతమంది పిల్లల్ని దారిలో పెట్టానో నాకే లెక్క లేదు. ఇలాంటి పిల్లల్ని మాత్రం చూళ్లేదు."

"దానికి ఆటిజమండీ మేడం గారూ. బాబుకేమో..."

"ఏదో ఒకటి. మా రోజుల్లో ఇవేవీ లేవు." 

ఆ రోజుల్లో అలాంటి పిల్లల్ని ఏ వెనక గదిలో పెట్టి గడియ వేసేవారో హెడ్మిస్ట్రెస్ గారు ఎన్నడూ వెళ్లి చూడలేదు. చూడనిది లేనట్టేనని ఆవిడ లెక్క.

"పొద్దస్తమానం ఆ హూంకారం ఏంటి? నాకు బీపీ. చిన్నవాడు నెత్తిమీద గుర్రప్పందాలు. వానలు మొదలయ్యేదాకా చూస్తా. ఆలోగా ఆ పిల్ల నోరు అదుపులోకి వచ్చిందా, ఉండండి. లేదా, ఖాళీ చెయ్యండి. తరవాత నన్ను రాక్షసి అనుకోకూడదు."

"అయ్యో, అంత మాటెందుకండీ" అంది టైలరమ్మ. అనుకున్నది మాత్రం సరిగ్గా ఆ మాటే.

ఇల్లు పోతే ఇంకో ఇల్లు అనుకోవడానికి లేదు. ఆ పిల్లలిద్దర్నీ చేర్చుకున్న బడి ఊరు మొత్తానికి ఒక్కటే, అది ఈ వీధి చివర్లో ఉంది. తుమ్మెద బస్సెక్కదు, కారెక్కదు. హారన్ వినబడితే చెవులు మూసుకుని రోడ్డు మధ్యలో కూలబడిపోతుంది. నడిచివెళ్లే దూరంలో ఇల్లుంటేనే బడి. ఆ బడిలో చేరాకే తుమ్మెద దాహమేస్తే గ్లాసు బొమ్మ చూపించడం నేర్చుకుంది. ఆ బడిలోనే ఒక టీచరు, బొంగరాన్ని పట్టుకుని "వీడు మంచివాడు" అంది. వాడు పుట్టాక వాడి గురించి బయటివాళ్లు ఆ మాట అనడం అదే మొదలు. తల్లి ఆ రోజు గేటు బయట నిలబడి ఏడ్చింది. ఇక చుట్టుపక్కల వేరే ఇల్లంటారా, పిల్లల్ని చూసేదాకా ఖాళీగా ఉన్న వాటాలన్నీ చూశాక బంధువులతో నిండిపోయేవి.

మొగుడు దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. వచ్చిన రోజు సంగతంతా విన్నాడు.

"ఏదోటి చెయ్యి" అన్నాడు.

"ఏం చెయ్యమంటారు?"

"నాకేం తెలుసు? నువ్వే కదా ఇంట్లో ఉండేది" అని, పడుకుని, మర్నాడు డ్యూటీకి వెళ్లిపోయాడు. అతను చెడ్డవాడేం కాదు. ఇంట్లో ఉండడు, అంతే. ఇంట్లో లేనివాడి మీద లోకానికి కూడా కోపం రాదు.

హెడ్మిస్ట్రెస్ గారే ఒక ఉపాయం చెప్పింది. తుమ్మెద చూపుడువేలు పట్టుకుని దాని పెదాల మీద పెట్టించి, "ష్" అంది. తరగతులకు తరగతుల్ని ఆ ఒక్క వేలితో అణిచిపెట్టిందట. తుమ్మెద వేలు బుద్ధిగా పెదాల మీదే ఉంచుకుంది. నాదం ఆ వేలి పక్కనుంచి హాయిగా వస్తూనే ఉంది.

మిషను సంగతి టైలరమ్మకే తట్టింది. అది ఇంకెవరికీ తట్టేది కాదు, ఎందుకంటే ఆ పిల్లకు ఈ లోకంలో దేనిమీద ప్రాణమో ఇంకెవరికీ తెలియదు.

తుమ్మెద గొంతు విప్పగానే టైలరమ్మ మిషను స్విచ్ ఆపేది. తన పెదాల మీద వేలు పెట్టుకుని, పిల్ల వంక చూస్తూ కూర్చునేది. పిల్ల బల్లను తట్టేది, తల్లి చెయ్యి లాగి స్విచ్ మీద పెట్టేది, నేలకేసి నుదురు కొట్టుకునేది. తల్లి కదిలేది కాదు. కన్నీళ్లు జారి మెడ మీదికి కారుతున్నా సరే, వేలు తీసేది కాదు. చివరికి పిల్ల అలిసిపోయి, వేలు పెట్టుకుని, గొంతు మూసుకునేది. వెంటనే తల్లి స్విచ్ వేసేది. చప్పుడు చేస్తే మిషను ఆగుతుంది, నోరు మూసుకుని వేచి ఉంటే మళ్లీ తిరుగుతుంది. పాఠం అంతే. మొద్దు పిల్ల, మట్టి బుర్ర అని అందరూ అన్న ఆ పిల్ల, ఎండలు ముదిరేలోగా ఆ పాఠం ఒక్క తప్పు లేకుండా నేర్చేసుకుంది.

బొంగరాన్ని కాపలా పెట్టింది. "అమ్మా, అక్క మళ్లీ మొదలెట్టింది!" అని వాడు పరిగెత్తుకొచ్చి చెప్పిన ప్రతిసారీ "మా నాన్నే" అని ముద్దు పెట్టుకునేది. వాడికి ముద్దులు తక్కువ, తిట్లు ఎక్కువ. అందుకని అక్క గొంతు కాస్త కదిలితే చాలు, వాడు గాలిలా వచ్చేసేవాడు. కొన్నాళ్లకు కదలకపోయినా వచ్చేవాడు.

బడిలో టీచరు అడిగింది. "ఈమధ్య దాని పాట వినపడట్లేదేంటండీ? ఒంట్లో బాగానే ఉందా?"

"మాన్పించానండీ" అంది టైలరమ్మ, కాస్త గర్వంగానే.

టీచరు పిల్ల వంక చూసింది. ఆపైన, "గ్లాసు బొమ్మ కూడా చూపించట్లేదు. ఊరికే చూస్తూ కూర్చుంటోంది" అంది. ఆ మాట టైలరమ్మ చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఆవిడ చెవిలో అప్పటికి వేరే మాటలు ఇల్లు కట్టుకుని ఉన్నాయి. మెట్ల మీద కనబడ్డ హెడ్మిస్ట్రెస్ గారు ఆ ఉదయమే "పర్లేదే, పెంపకం తెలిసొచ్చింది" అంది. జన్మలో మొదటిసారి ఎవరో తనకు పాసు మార్కులు వేశారు. ఆ ఆనందంలో, హెడ్మిస్ట్రెస్ గారింటి కిటికీలకన్నింటికీ కొత్త తెరలు ఊరికే కుట్టిపెడతానని మాటిచ్చేసింది.

ఆ తెరలు కుట్టింది ఒక ఆదివారం పొద్దున. మందపాటి గుడ్డ, పొడుగాటి కుట్లు. మిషను ఎక్కడా ఆగకుండా సాగింది. వీపు వెనక నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే ఆవిడకు ఆ నిశ్శబ్దం ఎంతో హాయిగా ఉంది. వినడానికి ఏమీ లేదు కాబట్టి వినడం మానేసింది. పెళ్లికి ముందు ఎలా కుట్టేదో అలా కుట్టింది, మనసులో ఏమీ లేకుండా. ఆఖరి తెర అంచు మడిచి, దారం కొరికి, వెనక్కి తిరిగింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. తుమ్మెద లేదు.

బొంగరం బంతి కోసం కిందకి వెళ్లాడు, గడియ పెట్టడం మరిచిపోయాడు. వాడు మరిచిపోతాడు. వాడి జబ్బు పేరే అది. గడియ చూసుకోవలసిన మనిషి తెరలు కుడుతోంది. టైలరమ్మ మంచం కింద చూసింది, బాత్రూంలో చూసింది, డాబా మీదికి పరిగెత్తి నీళ్ల ట్యాంకు మూత ఎత్తి చూసింది. చెప్పుల్లేకుండా వీధిలోకి పడింది.

వీధి వీధంతా బయటికొచ్చింది. వెతకడానికి కొందరు, చూడటానికి మిగిలినవాళ్లు.

"ఎప్పట్నుంచి కనబడట్లేదు?"

ఎప్పట్నుంచో ఆవిడకు తెలియదు.

"కన్నతల్లికే తెలియదట, విన్నారా?"

"మిషను ముందు కూర్చుంటే ఆవిడకి ఒళ్లు తెలీదు లెండి."

"మాటలు రాని పిల్లని అలా వదిలేస్తారా ఎవరైనా? మా కుక్కపిల్లకి కూడా గొలుసు వేస్తాం."

ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. ఎవరో చెరువు వైపు మనుషుల్ని పంపారు. ఆ గందరగోళంలో బొంగరం జనం కాళ్ల మధ్యలోంచి దూరి తల్లి చీర పట్టుకున్నాడు.

"అమ్మా, మోటారు గది! అక్క మోటారు గదిలో ఉంది! నా బంతి లారీ కిందికి పోయింది! అమ్మా, మోటారు!"

మోటారు గదంటే మెట్ల కింద చీకటి కొట్టు. ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు అందులో ఉంటుంది. తాళంచెవి హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆవిడే తీస్తుంది, ఆవిడే వేస్తుంది.

"అది తాళం వేసి ఉంది" అంది హెడ్మిస్ట్రెస్ గారు. "నేనే వేశాను. ముందు వీడి సంగతి చూడమ్మా. తలుపు తీసి పోయింది వీడే కదా? ఇప్పుడు కూడా వీడికి బంతే కావాలి. ఒక్కటిచ్చుకుంటే గానీ ఇలాంటివాళ్లకి బుద్ధి రాదు."

అందరూ టైలరమ్మ వంక చూశారు. ఎలాంటి తల్లో తేల్చుకోవడానికి చూశారు. టైలరమ్మ చెయ్యెత్తి పిల్లాణ్ణి చెంప మీద కొట్టింది. ఆ దెబ్బ పిల్లాడి కోసం కొట్టింది కాదు, చూసేవాళ్ల కోసం కొట్టింది. "నోరు మూసుకో!" అంది. వాడు నోరు మూసుకున్నాడు. వాడు కూడా నేర్చుకోగలడు.

అయినా తల్లి కదా, ఊరుకోలేక మెట్ల కిందికి వెళ్లింది. తాళం వేసి ఉంది. ఆ ఇనుప తలుపుకు చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి వింది. ఇన్నేళ్లూ ఆ పిల్లను వెతుక్కున్నట్టే వెతుక్కుంది. లోపల నాదం లేదు. పిల్ల ఉంటే నాదం ఉంటుంది. నాదం లేదంటే పిల్ల లేదు. ఆ చెవులకు ఇన్నేళ్లుగా తెలిసింది అదొక్కటే. ఆ నాదాన్ని తన చేత్తోనే ఆపేసిన సంగతి, అవసరమైన ఆ ఒక్క క్షణంలో ఆవిడకు గుర్తుకు రాలేదు. లేచి చెరువు వైపు పరిగెత్తింది.

సాయంత్రం దాకా చెరువు గట్టునే ఉంది. ఈత వచ్చినవాళ్లు నీళ్లలో దిగి కాళ్లతో తడుముతుంటే, తగలాలని మొక్కాలో తగలకూడదని మొక్కాలో తెలియక గట్టున నిలబడి ఉంది. ఎండకు మాడిన వీధులన్నీ మళ్లీ చల్లబడే వేళకు ఎవరో వచ్చి, "దొరికింది" అన్నారు.

ట్యాంకులో నీళ్లయిపోయాయి. హెడ్మిస్ట్రెస్ గారు మోటారు వేసింది. స్విచ్ గుమ్మం పక్కనే లోపలి గోడకు ఉంటుంది, వేయడానికీ ఆపడానికీ లోపల తల పెట్టక్కర్లేదు. పొద్దున ఆపినప్పుడూ పెట్టలేదు. చెయ్యి చాపి ఆపింది, తలుపు లాగింది, తాళం వేసింది. మోటారు చప్పుడు విని మెట్లు దిగి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వెళ్లి, దానికి చెంప ఆనించి కూర్చున్న పిల్ల ఆవిడకు కనబడలేదు. సాయంత్రం మాత్రం నీళ్లు ఎక్కడో కారుతున్నట్టు అనుమానం వచ్చి లోపలికి తొంగి చూసింది.

టైలరమ్మ వెళ్లేసరికి తుమ్మెద ఇంకా అక్కడే ఉంది. ఎవరు పట్టుకున్నా రావట్లేదు. ఒళ్లంతా చెమట, పెదాలు అట్టలు కట్టాయి. చూపుడువేలు నోట్లో ఉంది. బయట తన కోసం అంతమంది అరుస్తుంటే, తన తల్లి తలుపుకు అవతల ఊపిరి బిగబట్టి ఉంటే, గొంతు పైకి రాకుండా ఆ పిల్ల వేలిని పళ్లతో పట్టింది. మెటిక దగ్గర ఎముక తెల్లగా కనబడుతోంది. గౌను ముందుభాగం ఎర్రగా ఎండి గట్టిపడింది.

తుమ్మెదకు చెప్పుకోవడానికి మాటల్లేవు. తల్లికి చెప్పనక్కర్లేదు కూడా, ఆ పాఠం చెప్పింది తనే. మోటారు ఆగింది అంటే ఎక్కడో తను చప్పుడు చేసి ఉంటుంది. నోరు మూసుకుని వేచి ఉంటే మళ్లీ తిరుగుతుంది. చూడండి, తిరిగింది. మోటారు తిరుగుతుంటే, దాని మీద చెంప పెట్టుకుని, ఆ పిల్ల సంతోషంగా ఉంది.

తాళం ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. బొంగరం పొద్దున్నే చెప్పాడన్న సంగతి కూడా ఎవరికీ గుర్తుకు రాలేదు. వాడు తన చెంప తడుముకుంటూ మెట్టు మీద కదలకుండా కూర్చున్నాడు. అది చూసి ఒకాయన "ఈ పాటి దెబ్బ ముందే పడుంటే బాగుండేది" అన్నాడు.

హెడ్మిస్ట్రెస్ గారు మొదట తాళంచెవి కొంగు చాటున దాచుకుంది. ఎవరూ తనను ఏమీ అనకపోవడం చూసి, చెయ్యి బయటికి తీసింది. గొంతు మామూలుగా అయింది.

"పొద్దున్నుంచి లోపలుంది. ఒక్క అరుపు లేదు, ఒక్క ఏడుపు లేదు. చూశారా? నేర్పాలే గానీ ఏ పిల్లలైనా నేర్చుకుంటారు" అని అందరికీ చెప్పింది. తరవాత టైలరమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "ఇల్లు గురించి ఇంక బెంగ పెట్టుకోకమ్మాయ్. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉండండి. మంచి పిల్ల. బుద్ధిమంతురాలు."

"థాంక్సండీ మేడం గారూ" అంది టైలరమ్మ.

ఆ మాట తన నోట్లోంచి రావడం తనే వింది. నోరు అలవాటు కొద్దీ అనేసింది. రక్తం ఓడుతున్న పిల్లను చంకనేసుకుని, ఇల్లు దక్కినందుకు కృతజ్ఞతలు చెప్పుకుంది. తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆవిడకు అన్నిటికంటే అసహ్యం వేసింది ఆ మాట మీదే.

వేలికి కుట్లు పడ్డాయి. వేలు నిలిచింది గానీ వంగదు, ఎప్పుడూ ఏదో చూపిస్తున్నట్టే చాచి ఉంటుందని డాక్టరు చెప్పాడు. కుట్లు వేస్తున్నంతసేపు ఆ పిల్ల గొంతు విప్పలేదు. "భలే ఓర్పండీ" అని నర్సు మెచ్చుకుంది.

వానలు వచ్చాయి. పిల్లలు బడికి వెళ్లి వస్తున్నారు. కింద వాటాలో కొత్త తెరలు వేలాడుతున్నాయి. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, టైలరమ్మ కుడుతూ కుడుతూ ప్రతి నాలుగు కుట్లకూ తల తిప్పి చూసుకుంటోంది. ఇప్పుడు చెవులతో పనిలేదు, మెడతోనే పని. ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేకపోయింది. బల్లకు చెంప ఆనించి కూర్చున్న కూతురి వైపు వంగి, మిషను శ్రుతిలో తనే సన్నగా గొంతు కలిపింది. తుమ్మెద తీసే నాదమే అది. రా అమ్మా, పాడు, ఎవరేమన్నా పర్లేదు, ఇల్లు పోతే పోనీ, పాడు అని ఆ నాదంతోనే బతిమాలింది.

బొంగరం గదిలోంచి తొంగి చూశాడు. "అమ్మా, నువ్వు చప్పుడు చేస్తున్నావు" అన్నాడు భయంగా.

తుమ్మెద తలెత్తింది. చాలా రోజుల తరవాత తల్లి ముఖంలోకి సూటిగా చూసింది. ఆపైన చెయ్యి చాపి మిషను స్విచ్ ఆపేసింది. ఆ వంగని వేలిని తన పెదాల మీద పెట్టుకుని, తల్లి వంక చూస్తూ, కదలకుండా కూర్చుంది.

టైలరమ్మ ఇంకా గట్టిగా నాదం తీసింది. బల్లను తట్టింది. కూతురి చెయ్యి లాగి స్విచ్ మీద పెట్టింది. తుమ్మెద కదల్లేదు. తనకు ఎలా నేర్పారో అలాగే, ఏ తప్పూ లేకుండా, ఓపిగ్గా కూర్చుంది.

చివరికి తల్లి నోరు మూసుకుంది. అప్పుడు తుమ్మెద స్విచ్ వేసింది.